స్పానిష్‌లో 'మె లెవంతరీయ': రిఫ్లెక్సివ్ క్రియల కండిషనల్ రూపంపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో నా సాయంత్రం బ్యాచ్‌లకు రకరకాల వాళ్ళు వస్తారు. కాలేజీ పిల్లలు, హోటల్ రిసెప్షన్‌లో పనిచేసేవాళ్ళు, చిత్తూరు నుంచి శని, ఆదివారాల్లో బస్సెక్కి వచ్చే ఉద్యోగులు. బ్యాచ్ మారినా ఒక పాఠం దగ్గర మాత్రం అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తాయి: రిఫ్లెక్సివ్ క్రియను (చేసేవాళ్ళ మీదకే పని తిరిగి వచ్చే క్రియ) కండిషనల్‌లో (షరతు మీద ఆధారపడ్డ పనిని చెప్పే రూపంలో) పెట్టడం. అందుకే అన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా ఆ ప్రశ్నకే వెళ్ళిపోండి.

స్పానిష్ మాటల్ని లాటిన్ అమెరికాలో పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. దీర్ఘం ఉన్న చోట ఒత్తి పలకండి.

## మొదలుపెట్టే ముందు

సార్, అసలు 'మె లెవంతరీయ' అంటే తెలుగులో ఏంటి?

"అలాగైతే నేను లేస్తాను", "అలా ఉండుంటే లేచేవాడిని" అని చెప్పే రూపం. లెవంతార్ అంటే లేపడం, ఎత్తడం. దానికి సె చేరి లెవంతార్సె అయితే తనంతట తాను లేవడం. 'మె' అనేది లేచేది నేనే అని చెబుతుంది, చివర ఉన్న 'ఈయ' ఈ పని ఏదో ఒక షరతు మీద ఆధారపడి ఉందని చెబుతుంది. షరతు వాక్యంలో పైకి కనిపించకపోయినా మనసులో ఉంటుంది.

ఏ క్రియ రిఫ్లెక్సివో ఎలా తెలుస్తుంది? అన్నీ బట్టీ పట్టాల్సిందేనా?

అక్కర్లేదు. చాలామంది ఇంగ్లీషు దారిలో వచ్చి ఇక్కడ ఇరుక్కుంటారు, ఎందుకంటే ఇంగ్లీషులో ఈ తేడా క్రియలో కనపడదు. తెలుగులో కనపడుతుంది. కడగడం వేరు, కడుక్కోవడం వేరు: లవార్, లవార్సె. దువ్వడం వేరు, దువ్వుకోవడం వేరు: పెయ్నార్, పెయ్నార్సె. కూర్చోవడం సెంతార్సె, పడుకోవడం అకొస్తార్సె, పెళ్ళి చేసుకోవడం కసార్సె. మన 'కొను' చేసే పనినే అక్కడ 'సె' చేస్తోంది.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని పుస్తకాలు చెప్పవు. మన 'పోవు' చేరిన క్రియలు కూడా చాలావరకు స్పానిష్‌లో సె తీసుకుంటాయి. వెళ్ళిపోవడం ఈర్సె, పడిపోవడం కయేర్సె, తప్పిపోవడం పెర్దేర్సె, మర్చిపోవడం ఒల్విదార్సె, ఉండిపోవడం కెదార్సె. బ్రహ్మోత్సవాల జనంలో "మేమైతే తప్పిపోతాం" అనాలంటే నొస్ పెర్దెరీయమొస్.

అయితే ఇది గుర్తుపట్టడానికి పనికొచ్చే దారి మాత్రమే, చట్టం కాదు. నేర్చుకోవడం (అప్రెందేర్), ఎంచుకోవడం (ఎలెహీర్), అనుకోవడం (పెన్సార్) మనకు 'కొను'తో ఉన్నా అక్కడ సె అక్కర్లేదు. లేవడం, స్నానం చేయడం (బన్యార్సె), ఫిర్యాదు చేయడం (కెహార్సె), తెగించడం (అత్రెవేర్సె) మనకు కొను, పోవు లేకపోయినా అక్కడ సె ఉంటుంది. ఇలా దారి తప్పేవాటిని మాత్రం నోట్‌బుక్‌లో వేరే పేజీలో రాసుకోండి.

ఇది ఏ స్థాయిలో వస్తుంది? ఇప్పుడే నేర్చుకోవాలా?

ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ నిర్వహించే డెలె అనే స్పానిష్ భాషా పరీక్షల లెక్కలో చూస్తే (ఎ2, బి1, బి2 వరసగా పైకి వెళ్ళే మెట్లు), మె గుస్తరీయ (నాకు ఫలానాది చేయాలని ఉంది) లాంటి రెడీమేడ్ ముక్కలు ఎ2లోనే వినిపిస్తాయి. పూర్తి కండిషనల్‌ను సాధారణంగా బి1లో నేర్పుతారు. "అలా చేసి ఉంటే ఇలా అయ్యేది" అనే పెద్ద వాక్యాలు బి2 పని. వర్తమానంలో మె, తె, సె తడబడుతున్న వాళ్ళు ముందు దాన్ని గట్టి చేసుకుని రండి.

## రూపం కట్టేటప్పుడు

ముందు ఏం చేయాలి, తర్వాత ఏం చేయాలి? ఒక్కసారి మెల్లగా చూపించండి.

అకొస్తార్సె తీసుకుందాం, పడుకోవడం. చివరి సె ని ఊడదీసి పక్కన పెట్టండి. అకొస్తార్ మిగిలింది. మామూలుగా చేసినట్టు దీని చివరి 'ఆర్' కోసేయకండి. కండిషనల్‌లో క్రియను కోయం, మొత్తం క్రియకు తోక తగిలిస్తాం: అకొస్తార్ + ఈయ = అకొస్తరీయ. ఇప్పుడు పక్కన పెట్టిన సె ని మనిషికి తగ్గట్టు మార్చి ముందు పెట్టండి.

నేను: మె అకొస్తరీయ
నువ్వు: తె అకొస్తరీయస్
అతను, ఆమె, మీరు (ఒక్కరే): సె అకొస్తరీయ
మేము, మనం: నొస్ అకొస్తరీయమొస్
మీరంతా (స్పెయిన్‌లో చనువుగా): ఒస్ అకొస్తరీయయిస్
వాళ్ళు, మీరంతా: సె అకొస్తరీయన్

'నేను', 'అతను' రెండింటికీ క్రియ ఒకటేనని కంగారు పడకండి. మె, సె ఆ తేడా చూపిస్తాయి. మామూలు క్రియల్లో ఈ సౌకర్యం లేదు, అక్కడ యొ (నేను), ఎల్ (అతను) అని విడిగా చెప్పాల్సి రావచ్చు.

ఆర్, ఎర్, ఇర్ మూడు రకాల క్రియలకూ మూడు రకాల తోకలుంటాయా?

ఉండవు. మూడింటికీ ఒకటే 'ఈయ'. దీనికి కారణం చరిత్రలో ఉంది. పాత రోజుల్లో మొత్తం క్రియ పక్కన అవేర్ అనే సహాయక క్రియ భూతకాల రూపాన్ని చేర్చి చెప్పేవాళ్ళు. అది అరిగి అరిగి తోకగా అతుక్కుపోయింది. మధ్యయుగ స్పానిష్‌లో ఈ రెండింటి మధ్యలో సర్వనామాన్ని దూర్చి 'లెవంతార్ మె ఈయ' అనే పద్ధతి కూడా ఉండేది. పోర్చుగీసు గ్రాంథికంలో అది ఇప్పటికీ ఉంది. నేటి స్పానిష్‌లో మాత్రం సర్వనామం ముందే రావాలి.

'మె అక్వేస్తొ' అని మధ్యలో 'ఒ' మారుతుంది కదా, ఇక్కడ కూడా మారుతుందా?

మారదు. వర్తమానంలో ఒత్తు ఆ అచ్చు మీద పడుతుంది కాబట్టి అది చీలి 'వే' అవుతుంది. కండిషనల్‌లో ఒత్తు ఎప్పుడూ తోకలోని 'ఈ' మీదే ఉంటుంది, లోపలి అచ్చు కదలదు. మె అక్వేస్తొ, కానీ మె అకొస్తరీయ. మె వీస్తొ (బట్టలు వేసుకుంటాను), కానీ మె వెస్తిరీయ.

సెంతరీయ, సెంతిరీయ... రెండూ ఒకటే కదా? వినేటప్పుడు తేడా తెలియట్లేదు.

రెండూ వేరు. ఈ జంట మీద శ్రద్ధ పెట్టండి. సెంతార్సె కూర్చోవడం, సెంతీర్సె అనిపించడం, ఒంట్లోనో మనసులోనో ఎలా ఉందో చెప్పడం. వర్తమానంలో ఇద్దరికీ 'మె సియేంతొ' అనే ఒకే రూపం ఉంది, అందుకే గందరగోళం. కండిషనల్ వాటిని విడదీస్తుంది. మె సెంతరీయ అకీ: ఇక్కడ కూర్చుంటాను. మె సెంతిరీయ మెహోర్: నాకు కాస్త హాయిగా ఉంటుంది. తేడా అంతా 'త', 'తి' లోనే ఉంది. మొదట్లో ఆ అక్షరాన్ని కావాలనే నిదానంగా పలకండి, చెవి దానంతట అదే అలవాటు పడుతుంది.

క్రమం తప్పే క్రియలు ఎన్ని? రిఫ్లెక్సివ్‌లో అవి వస్తాయా?

మూల క్రియలు 12. అవేర్, పొదేర్, సవేర్, కవేర్, కెరేర్ మధ్యలో ఉన్న 'ఎ' ని వదిలేస్తాయి. పొనేర్, తెనేర్, వెనీర్, సలీర్, వలేర్ చివరి అచ్చు (ఎ లేదా ఇ) స్థానంలో 'ద' తెచ్చుకుంటాయి. దెసీర్, అసేర్ బాగా కుదించుకుపోయి దిర్, అర్ అవుతాయి. భవిష్యత్ కాలంలో వాడే మొదళ్ళే ఇక్కడా వస్తాయి కాబట్టి అది వచ్చినవాళ్ళకు కొత్త భారం లేదు.

రిఫ్లెక్సివ్‌లో ఎక్కువగా తగిలేది పొనేర్సె (వేసుకోవడం, తొడుక్కోవడం): మె పొంద్రీయ. తర్వాత అసేర్సె (ఫలానాగా మారడం): మె అరీయ. ఈర్సె చూడటానికి వింతగా ఉన్నా కండిషనల్‌లో బుద్ధిగా నడుచుకుంటుంది: మె ఇరీయ.

ఆడవాళ్ళం మాట్లాడితే రూపం మారుతుందా? తెలుగులో లేచేదాన్ని అంటాం కదా.

మారదు. లేచేవాడిని, లేచేదాన్ని, రెండూ మె లెవంతరీయే. 'మె అవ్రీయ లెవంతాదొ' (లేచి ఉండేవాడిని) లాంటి పెద్ద రూపంలో కూడా చివర 'దొ' అలాగే ఉంటుంది, 'ద' కాదు. పక్కన విశేషణం వస్తే మాత్రం అది మారుతుంది: అలసిపోయినట్టు అనిపిస్తుందని అబ్బాయి అంటే మె సెంతిరీయ కన్సాదొ, అమ్మాయి అంటే మె సెంతిరీయ కన్సాద.

మె, తె, సె క్రియ వెనకాల ఎప్పుడు అతుక్కుంటాయి?

కండిషనల్ రూపానికి వెనక అతుక్కోవు. ముందే, విడిగా. కాదు అనాలంటే 'నొ' ఇంకా ముందు వస్తుంది: నొ మె ఇరీయ, నేనైతే వెళ్ళిపోను.

రెండు క్రియలు కలిసి వచ్చినప్పుడు మాత్రం మీ ఇష్టం. నేను లేవగలను అనడానికి మె పొద్రీయ లెవంతార్ అనొచ్చు, పొద్రీయ లెవంతార్మె అనొచ్చు. రెండూ సరైనవే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నిఘంటువులో చూసిన లెవంతార్సె ని అలాగే దించేసి, 'నేను' విషయంలో కూడా పొద్రీయ లెవంతార్సె అనేస్తారు. అప్పుడు అర్థం 'అతను లేవగలడు' అవుతుంది. నువ్వు త్వరగా పడుకోవాలి అని సలహా ఇచ్చేటప్పుడు కూడా అంతే: దెవెరీయస్ అకొస్తార్తె. చివర 'తె'.

'ఈ' మీద గీత పెట్టకపోతే మార్కులు పోతాయా?

రాతలో అది తప్పుగానే లెక్క. 'ఈ' అక్షరం మీద ఏటవాలు గీత ఆరు రూపాల్లోనూ ఉంటుంది, మినహాయింపు లేదు. ఆ గీత లేకపోతే 'ఈ', 'అ' కలిసి ఒకే మాత్రగా 'య' అయిపోతాయి, ఒత్తు చోటు మారుతుంది.

## వాక్యంలో వాడేటప్పుడు

"చిన్నప్పుడు నాలుగింటికే లేచేవాడిని" అనడానికి మె లెవంతరీయ అంటే సరిపోతుందా?

సరిపోదు. తెలుగువాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే, కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

ఈ రెండు వాక్యాలు చదవండి. "చిన్నప్పుడు తాతతో కలిసి నాలుగింటికే లేచేవాడిని." "నిన్న సెలవైతే ఎనిమిదింటికి లేచేవాడిని." క్రియ రెండిట్లో ఒకటే, లేచేవాడిని. మొదటిది నిజంగా జరిగింది, రోజూ జరిగింది. రెండోది జరగనే లేదు. తెలుగు ఈ రెండు పనులనూ ఒకే రూపంతో చేయించుకుంటుంది, మిగతాది సందర్భం చూసుకుంటుంది. స్పానిష్ అలా ఒప్పుకోదు.

అలవాటుగా జరిగినదానికి అపూర్ణ భూతకాలం: దె నీన్యొ మె లెవంతావ అ లస్ క్వాత్రొ. జరగని, షరతు మీద ఉన్నదానికి కండిషనల్. అందుకే రాసే ముందు మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి: ఇది నిజంగా జరిగిందా? జరిగితే లెవంతావ. ఇంగ్లీషు కూడా ఇక్కడ సాయం చేయదు, అక్కడా ఒకే 'వుడ్' రెండు పనులూ చేస్తుంది. తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళు రెండు వైపుల నుంచీ ఒకే గుంటలో పడతారు.

"ఉంటే" అనే సగంలో కూడా కండిషనల్ పెట్టాలా?

పెట్టకూడదు. 'సి' (మన 'ఉంటే', 'అయితే' చేసే పని) ఉన్న సగంలో వేరే రూపం వస్తుంది. "సెలవులుంటే ఎనిమిదింటికి లేస్తాను": సి తువియేర వకసియోనెస్, మె లెవంతరీయ అ లస్ ఓచొ. సి తెంద్రీయ అనకండి. ఉత్తర స్పెయిన్‌లో బాస్క్ ప్రాంతం, బుర్గోస్, ల రియోహ వైపు మాటల్లో అది వినిపిస్తుంది, కానీ ప్రామాణిక భాషలో తప్పు, పరీక్షలో అయితే కచ్చితంగా తప్పు.

ఇంకో సంగతి. నిజంగా జరిగే అవకాశం ఉన్నదానికి కండిషనల్ అక్కర్లేదు. "వానొస్తే ఇంట్లోనే ఉండిపోతాను" అంటే రేపు వాన రావొచ్చు కదా: సి యువేవె, మె కెదరే ఎన్ కాస. అది మామూలు భవిష్యత్తు. తెలుగులో 'వస్తే' అనేది నిజమైన అవకాశానికీ, ఉత్త ఊహకీ రెండిటికీ సరిపోతుంది కాబట్టి ఎంపిక మీరు చేయాలి.

"మూడింటికి లేస్తానన్నాడు" ని ఎలా చెప్పాలి? నేను 'మె' పెడితే తప్పు కొట్టారు.

తప్పు కొట్టడం సరైనదే. తెలుగులో ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టు 'అని'తో కలిపేస్తాం. అతను "లేస్తాను" అన్నాడు, మనం "లేస్తానన్నాడు" అంటాం. అతని నోటి 'నేను' అలాగే మిగిలిపోతుంది. స్పానిష్‌లో చెప్పేవాడి వైపు నుంచి మొత్తం మారాలి, మనిషీ మారాలి, కాలమూ మారాలి: దీహొ కె సె లెవంతరీయ అ లస్ త్రెస్. మీరు రాసిన దీహొ కె మె లెవంతరీయ అంటే "నేను లేస్తానని అతను అన్నాడు" అని, అంటే లేవాల్సింది మీరు.

తెల్లవారుజామున కొండకు బయల్దేరాలనుకున్న ఇద్దరి మధ్య ఈ ఒక్క అక్షరం తేడా వస్తే ఎవరు ఎవరిని లేపాలో తారుమారైపోతుంది. ఈ వాడుకలో షరతు ఏమీ లేదని కూడా గమనించండి. గతంలో నిలబడి ముందుకు చూడటమే.

జరిగిపోయినదాని గురించి, "తెలిసుంటే ఇంకో రోజు ఉండిపోయేవాడిని" అనాలంటే?

సి ఉవియేర సవీదొ, మె అవ్రీయ కెదాదొ ఉన్ దీయ మాస్. సర్వనామం అవ్రీయ ముందు నిలబడుతుంది, కెదాదొ కు వెనక అతుక్కోదు. అవ్రీయ బదులు రెండో సగంలో కూడా ఉవియేర వినిపిస్తే ఆశ్చర్యపోకండి, మె ఉవియేర కెదాదొ అనేది కూడా ఒప్పుకున్న రూపమే.

"రాత్రి లేటుగా పడుకుని ఉంటాడు", దీనికీ కండిషనల్ వాడతారట, నిజమేనా?

నిజమే. గతం గురించి ఊహించి చెప్పేటప్పుడు వాడతారు. సె అకొస్తరీయ తార్దె. మన 'ఉంటాడు' చేసే పని అది.

## మాట్లాడేటప్పుడు

గుడి దగ్గర విదేశీయులకు "చెప్పులు విప్పుతారా" అని మర్యాదగా ఎలా చెప్పాలి?

పొద్రీయ కితార్సె లొస్ సపాతొస్, పొర్ ఫవోర్? ఇక్కడ ఎదుటివాళ్ళు ఉస్తెద్, అంటే మన 'మీరు', కాబట్టి సె అలాగే ఉంటుంది. నలుగురైదుగురు ఉంటే పొద్రీయన్ కితార్సె. సపాతొస్ అంటే బూట్లు అయినా ఈ సందర్భంలో చెప్పులున్నవాళ్ళకూ విషయం అర్థమవుతుంది. గైడ్ పనికో హోటల్ పనికో స్పానిష్ నేర్చుకునేవాళ్ళు వ్యాకరణం పూర్తయ్యేదాకా ఆగకుండా ఈ వాక్యాన్ని ఇవాళే నోటికి తెచ్చుకోండి.

'మె గుస్తరీయ' లో 'మె' ఉంది కదా, అది కూడా రిఫ్లెక్సివేనా?

కాదు. అది "నాకు ఇష్టం" లోని 'నాకు'. అందుకే అతని గురించి చెప్పేటప్పుడు సె గుస్తరీయ కాదు, లె గుస్తరీయ అవుతుంది. రెండు రకాల మె ఒకే వాక్యంలో కూడా వస్తాయి: మె గుస్తరీయ కెదార్మె అకీ, నాకు ఇక్కడే ఉండిపోవాలని ఉంది. మొదటి మె 'నాకు', చివరి మె రిఫ్లెక్సివ్. ఈ వాక్యాన్ని "ఆమెకు ఉండిపోవాలని ఉంది" గా మార్చి చూడండి: లె గుస్తరీయ కెదార్సె అకీ. రెండూ రెండు రకాలుగా మారాయంటే వాటి పనులు వేరని తెలిసిపోతుంది.

"మొక్కు తీరితే గుండు కొట్టించుకుంటాను" అనాలి. చేసేది క్షురకుడు కదా, అప్పుడూ 'మె' నేనా?

అవును, మె రపరీయ ల కవేస. కల్యాణకట్టలో కత్తి పట్టేది వేరొకరైనా తల మీది కాబట్టి రిఫ్లెక్సివ్ సరిపోతుంది. జుట్టు కత్తిరించుకోవడం కూడా అంతే, మె కొర్తరీయ ఎల్ పేలొ అంటే సెలూన్‌కు వెళ్ళి కత్తిరించుకున్నా చెల్లుతుంది. కొట్టుకోవడం, కొట్టించుకోవడం అని తెలుగు చూపే తేడాను స్పానిష్ ఇక్కడ పట్టించుకోదు.

'నా తల' అని మాత్రం అనకండి. మె ఉండగానే తల ఎవరిదో తెలిసిపోయింది కాబట్టి 'ల' (ఇంగ్లీషు 'ది' లాంటి మాట) చాలు. చేతులైనా అంతే, మె లవరీయ లస్ మానొస్. ఇది మనకు సులువు, "చేతులు కడుక్కుంటాను" అంటాం గానీ "నా చేతులు కడుక్కుంటాను" అనం.

మొక్కు తీరుతుందని గట్టి నమ్మకంతో చెబుతుంటే కండిషనల్ వద్దు, భవిష్యత్ కాలం వాడండి: మె రపరే ల కవేస.

మెక్సికో వాళ్ళ పాఠాల్లో 'పొస్ప్రెతేరితొ' అని ఉంది. అది వేరే కాలమా?

ఇదే కాలం. వెనిజులాలో పుట్టిన వ్యాకరణవేత్త ఆంద్రేస్ బెయొ 1847లో వాడిన పేరు అది, గతం తర్వాతిది అనే భావంతో పెట్టాడు. మెక్సికోలో ఆ పేరు ఇప్పటికీ నడుస్తోంది. స్పెయిన్ పాఠాల్లో కొందిసియొనాల్ అంటారు.

అర్జెంటీనా వాళ్ళు 'వొస్' అంటారు, దానికి రూపం మళ్ళీ వేరుగా నేర్చుకోవాలా?

వద్దు. వొస్, తు రెండూ 'నువ్వు' అనే మాటలే, కండిషనల్‌లో రెండిటికీ ఒకటే రూపం: వొస్ తె లెవంతరీయస్. లాటిన్ అమెరికాలో 'మీరంతా' కు ఉస్తెదెస్ వాడతారు కాబట్టి 'ఒస్ లెవంతరీయయిస్' అనే వరుస స్పెయిన్ వాళ్ళతో మాట్లాడేవాళ్ళకే అవసరం. పరీక్ష రాసేవాళ్ళు దాన్ని గుర్తుపట్టగలిగితే చాలు.

రూపాలన్నీ వచ్చు, నోరు తెరిస్తే రావట్లేదు. ఏం చేయాలి?

పట్టికను వరసగా చదవడం మానేయండి. 'మె'తో మొదలుపెట్టి 'సె' దాకా పాడుకుంటూ పోతే, నొస్ కావాల్సి వచ్చినప్పుడు మళ్ళీ మొదటి నుంచి పాడాల్సి వస్తుంది. దానికి బదులు ఒకే షరతు పట్టుకోండి, "ఇవాళ సెలవైతే" అని. దాని కింద మీ రోజును చెప్పుకుంటూ పోండి: ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు స్నానం చేస్తారు, ఏం తొడుక్కుంటారు, ఎక్కడ కూర్చుంటారు. తర్వాత అదే రోజును మీ అమ్మకు, ఆ తర్వాత మీ ఇద్దరికీ కలిపి చెప్పండి. సర్వనామం, తోక రెండూ జంటగా మారుతూ వస్తాయి. అలిపిరి మెట్లెక్కుతూ ఇద్దరు కలిసి చేస్తే ఇంకా మంచిది, ఒకరు తెలుగులో అంటుంటే రెండోవాళ్ళు స్పానిష్‌లో అనాలి. మధ్య మధ్యలో "చిన్నప్పుడు లేచేవాడిని" లాంటి వాక్యాన్ని కావాలనే కలపండి. అక్కడ లెవంతావ వెంటనే వస్తే పాఠం మీకు వచ్చినట్టే.